చెల్లెలని చెప్పి కట్టిన డబ్బు

క్రిందటి వారం మనం బృందను విరుదునగర్‌లో, తాగుడు మాన్పించే ఆస్పత్రి ఆఫీసు గుమ్మం దగ్గర వదిలిపెట్టాం. ఆమె భర్త హరికృష్ణన్ అక్కడ చేరి నెల కావస్తోంది. చూసిపోదామని కోవిల్‌పట్టి నుంచి వెళ్లిన ఆమెకు ఆ రోజు రెండు దెబ్బలు తగిలాయి. వరండాలో బల్ల మీద భర్త ఎవరో ఆడమనిషి పక్కన కూర్చుని, తల వంచుకుని, ఆమె చెప్పేది వింటున్నాడు. కాలు ఊపడం లేదు. గోళ్లు కొరకడం లేదు. బృంద దగ్గరికి వెళ్లేలోపల ఆ మనిషి లేచి, ముఖం కనబడకుండానే గేటు దాటిపోయింది. తర్వాత బృంద, వచ్చే నెల డబ్బుకు గడువు అడుగుదామని ఆఫీసులోకి వెళితే, కంప్యూటర్ ముందున్న అమ్మాయి నవ్వుతూ తమిళంలో, "మీ చెల్లెలు కట్టేసి పోయారు కదక్కా, మొదటి నెలది కూడా ఆమే కట్టారు" అంది.

బృందకు చెల్లెలు లేదు. ఉన్నది ఇద్దరు తమ్ముళ్లు.

బస్సు సాత్తూరు దాటి కోవిల్‌పట్టి చేరేదాకా ఆమె కిటికీ పక్కనే కూర్చుంది కానీ బయట ఏమున్నదీ చూడలేదు. కళ్లముందు ఆ బల్లే ఉంది. తొమ్మిదేళ్ల కాపురంలో హరికృష్ణన్ ఆమె మాట ఒక్కటి కూడా చివరిదాకా విన్నది లేదు. అన్నం మధ్యలో లేచి రేడియో విప్పేవాడు. ఆమె జ్వరం సంగతి చెబుతుంటే పక్కింటి బండి శబ్దం గురించి అడిగేవాడు. అగ్గిపెట్టెల కంపెనీ వ్యాను, సెల్‌ఫోన్ల అంగడి, గాలిమరల దగ్గర కాపలా, ఇలా ఎన్నో పనులు పట్టాడు. ప్రతిచోటా మొదటి నెలలో వాడంత చురుకైనవాడు లేడనిపించుకుని, తర్వాత ఒకరోజు తాగి వచ్చి, లేదా అసలు రాక, పోగొట్టుకున్నాడు. ఇంతకుముందు రెండుసార్లు వేరేచోట్ల చేర్పించి మాన్పించారు. రెండుసార్లూ ఇంటికి వచ్చాక మళ్లీ మొదలుపెట్టాడు. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని కదలకుండా చేసిన ఆడది ఎవరు?

ఇల్లు చేరేసరికి అత్త పుష్పం గడప పక్కన కూర్చుని పల్లీపట్టి అంగడి వాళ్లిచ్చిన వేరుశనక్కాయలు ఒలుస్తోంది. బృంద చెప్పులు కూడా విడవలేదు.

"అత్తా, ఆస్పత్రి దుడ్డు ఎవరు కట్టిరి?"

"చెప్తిని కదమ్మా. మన సంగం వాళ్లు."

"సంగం వాళ్లు నాకు చెల్లెలు ఎట్లా అవుతారు?"

పుష్పం చేతిలోని కాయ ఒలవకుండానే చేటలో వేసింది. "ఇచ్చిన చెయ్యి ఏదైతే ఏమి. బిడ్డ బతికె కదా."

"నేను పేరు అడుగుతాండాను."

"సింధుజ," అంది పుష్పం, చేట వైపు చూస్తూనే.

సింధుజ పుష్పం అన్న కూతురు. ఒకే వీధిలో పుట్టి, ఒకే బడిలో చదివి, హరికృష్ణన్‌కే అని చిన్నప్పుడే అందరూ అనుకున్న పిల్ల. అతను రెండో ఉద్యోగం కూడా పోగొట్టుకున్నాక ఆమె తండ్రి మనసు మార్చుకుని విరుదునగర్ మిరపకాయల వ్యాపారి చెల్లసామికిచ్చి చేశాడు. ఈ కథ బృందకు పెళ్లయిన కొత్తల్లోనే పక్కింటివాళ్లు చెప్పారు. ఆమెను ఒక్కసారి ఏదో పెళ్లిలో దూరంగా చూసింది. ముఖం గుర్తు లేదు. పట్టుచీర రంగు మాత్రం గుర్తుంది.

"నా దగ్గర ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వద్దంటువే. నువ్వు వద్దంటే వాడు ఇంకా ఆ సారాయి అంగడి ముందరే పడుండు."

అది నిజమే.

ఆ రాత్రంతా ఆమె మనసులోనే సింధుజకు నగలు పెట్టి, పూలు పెట్టి, నవ్వించి, మాట్లాడించి చూసుకుంది. తెల్లారాక, తాను పొట్లాలు కట్టే పల్లీపట్టి అంగడికి ఆ రోజు రానని కబురు పంపి, కూతురిని బడికి పంపి, మళ్లీ విరుదునగర్ బస్సెక్కింది.

*

మిరపకాయల మండీ వీధి మలుపు తిరగకముందే దగ్గు మొదలైంది. లోపల గోనెసంచులు అటక దాకా ఉన్నాయి. నేల మీద, గోడల మీద, లెక్కల బల్ల మీద ఎర్రటి దుమ్ము. ఆ బల్ల వెనక ఒకామె ఫోనులో ధర చెబుతోంది. నూలు చీర. లావుపాటి కళ్లజోడు. చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు. ఒళ్లు వచ్చిన మామూలు మనిషి. బృంద రాత్రంతా అలంకరించుకున్న మనిషి ఈమె కాదు. అందగత్తె అయితే ద్వేషించడం సులువుగా ఉండేది. అందం లేకుండానే ఆయన ఈమె మాట వింటున్నాడంటే, ఇంకేదో ఉందన్నమాట. ఆ ఇంకేదో తన దగ్గర లేదన్నమాట.

సింధుజ ఫోను పెట్టేసి లేచింది. ఒక్క చూపులోనే గుర్తుపట్టింది.

"రాండక్కా. కూర్చోండి."

"నేను నీకు అక్కనా? ఆస్పత్రిలో అట్లా చెప్తివంట."

"ఇంకేమి చెప్పేది అక్కా? మామ కూతురు అంటే వాళ్లు వేరే మాదిరి చూస్తారు. మీకు చెడ్డపేరు రాకూడదని చెప్తిని. వరసకు నేను మీకు చెల్లెలే కదా."

వరస తప్పు కాదు. బావ పెండ్లాం అక్కే అవుతుంది. ఆ మాట సరిగ్గా ఉండటమే బృందకు ఇంకా మంటగా ఉంది.

"నా మొగుడి వైద్యానికి దుడ్డు కట్టేదానికి నువ్వు ఎవరు?"

సింధుజ చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. బృంద ముట్టుకోలేదు. గోదాములో పనివాళ్లు లేరు. సింధుజ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నేనుగా పోలేదక్కా. అత్త పిలిచె. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఉండారు కదా, చిన్నప్పుడు ఎట్లుండె అని అడిగిరంట. పన్నెండేళ్లు నిండేలోపల ఎట్లుండె, బడిలో ఎట్లుండె అని. అత్త ఏమి చెప్పింటాదో మీకు తెలిదా? నా కొడుకు బంగారం అని చెప్పె. ఏమి అడిగినా బంగారం అనే చెప్పె. ఆ మీదట డాక్టరమ్మ, బడిలో ఆయనతో చదివినవాళ్లు ఎవరన్నా ఉండారా అని అడిగిరి."

బృందకు ఆస్పత్రిలోని ఆ గది గుర్తొచ్చింది. అదే డాక్టరమ్మ మొదట తననే అడిగింది. ఆయన చిన్నప్పటి ఫోటో ఒక్కటి చూసింది, అంతే. భార్యనని సంతకం పెట్టింది కానీ భర్త గురించి అడిగిన ప్రశ్నలకు సగం జవాబులు కూడా ఆమె దగ్గర లేవు.

"నువ్వు ఏమి చెప్తివి?"

"ఉన్నది చెప్తిని. బావ బడిలో వాకిట్లో నుంచి వచ్చేవాడు కాదు, కిటికీలో నుంచి దూకేవాడు. లెక్కలు అందరికన్నా ముందు నోటితో చెప్పేవాడు, కాగితం మీద మాత్రం పూర్తి చేయడు. పరీక్షలో గూడ్సు బండి కూత వినపడితే సగంలో కాగితం ఇచ్చి పట్టాల దగ్గరికి పోయె. ఒక వాధ్యారు ఆయన కాలికి తాడు కట్టి బల్లకు బిగించె. సాయంత్రం దాకా అట్లే ఉండె. నేనే విప్పితిని."

ఆ పిల్లవాడి కాలికి ఉన్న తాడు బృంద విప్పలేదు. తాను ఆ ఊళ్లో లేదు. పెళ్లయ్యాక అతను నిద్రలో ఎడమ కాలు లాక్కోవడం ఎన్నోసార్లు చూసింది, ఎందుకని అడగాలని తోచలేదు. ఈ మనిషికి అతని చిన్నతనం మొత్తం తెలుసు. తనకు దక్కింది చివర్లో మిగిలిన తాగుబోతు.

"దానికి ఒక పేరు ఉండాదంట," అంది సింధుజ. "ఏడీహెచ్‌డీ అంట. మనసు ఒక తావున నిలవదు. ఆగు అంటే ఆగలేదు. పుట్టినప్పటినుంచి ఉంటాదంట. పెద్దయినాక పోతాదని అనుకుంటాం, అయినా అందరికీ పోదంట. ఉన్నవాళ్లంతా తాగరు. అయితే వాళ్లకు తాగుడు సులువుగా పట్టుకుంటాది, వదిలేది కష్టం అని డాక్టరమ్మ చెప్పిరి. ముందు రెండు తూర్లు తాగుడు ఒక్కటే మాన్పించిరి కదా. అది సగం వైద్యమే అంట. అడుగున ఉండేదానికి కూడా మాత్ర ఇయ్యాల, కూర్చోబెట్టి నేర్పించాల. అందుకే ఇన్ని నెలలు."

"మాకు చెప్పినప్పుడు అంతా అర్థం కాలేదు," అంది బృంద. ఇన్సూరెన్స్ వాళ్లు తాగుడు వైద్యానికి చెల్లదన్నాక ఆ రోజు ఆమెకు డాక్టరమ్మ మాటల్లో 'ఇంకా కొన్ని నెలలు' అన్నది తప్ప ఏమీ చెవికెక్కలేదు.

"నాకూ ముందు అర్థం కాలేదు. బావ చెప్పినాకే అర్థమాయె. ఆయన తల బస్టాండు మాదిరి ఉంటాదంట. సాత్తూరు, మదురై, తూత్తుకుడి అని అందరూ ఒకే తూరి అరుస్తాంటే ఏ బస్సు ఎక్కేదో తెలియనట్టు. మొదట తాగిన దినం ఆ అరుపులు నిలిచిపాయనంట. ఆ నిమ్మళం కోసమే మళ్లీ మళ్లీ తాగినానని చెప్పె."

"నీకు చెప్పెనా?"

సింధుజ తల వంచింది.

"నాకు చెప్పలేదు," అంది బృంద. గొంతు పెంచలేదు. "తొమ్మిదేళ్లు. ఆయన పారేసిన బండి తాళాలు వెతికేది నేను. పనిలోనుంచి తీసేస్తే పోయి బతిమాలేది నేను. బిడ్డను బడి దగ్గర మరిచిపోతే పరుగెత్తేది నేను. వాంతి కడిగేది నేను. నువ్వు రెండు తూర్లు వచ్చి బల్ల మీద కూర్చుంటివి. నీ దగ్గర చెప్పె."

"నేను ఆయనతో బతకలేదు కదక్కా. అందుకే చెప్పె. మీ మొగం చూస్తే ఆయనకు చేసిందంతా గుర్తొస్తాది. నా మొగం చూస్తే బడి గుర్తొస్తాది."

ఆ మాటలో అబద్ధం లేదు. బృందకు అది ఓదార్పుగా కూడా లేదు. తన ముఖం అతనికి అప్పులవాడి ముఖంలా ఎప్పుడు మారిందో ఆమెకు తెలియదు.

సింధుజ కళ్లజోడు తీసి పైటకొంగుతో తుడుస్తూ, "మా తమ్ముడు విఘ్నేశ్వరన్ జ్ఞాపకం ఉండాడా?" అంది.

ఆ ప్రాంతంలో వాడి సంగతి తెలియనివాళ్లు లేరు. కయత్తారు దగ్గర హైవే మీద తాగి బండి నడుపుతూ లారీ కిందికి పోయాడు. పెళ్లి కూడా కాలేదు.

"వాడూ బావ మాదిరే. తాగి చచ్చె అని అందరూ చెప్పిరి, నేనూ అదే చెప్తిని. శవం ముందర కూడా తిడితిని. ఆ మీదట నా పెద్దకొడుకు బడిలో నిలవలేదని మదురైలో చూపిస్తిమి. ఆ డాక్టరు, మీ ఇంట్లో ఒక పనిలో నిలవనివాళ్లు, బాగా తాగేవాళ్లు ఎవరన్నా ఉండారా అని అడిగె. నాకు వాడు కళ్లముందర నిలిచె. వాడికి జబ్బు అని ఎవరూ చెప్పలేదక్కా. మందు ఉండాదని కూడా తెలిదు. వాడికి కట్టాల్సింది బావకు కడ్తిని. అంతే."

బృంద ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. ఈ కారణం ముందు అవేవీ నిలబడేలా లేవు. దానికీ ఆమెకు కోపం వచ్చింది. ఈమెకు అతని చిన్నతనమూ ఉంది, డబ్బూ ఉంది, ఇప్పుడు తప్పు పట్టలేని దుఃఖమూ ఉంది. ఎక్కడన్నా ఒక పగులు దొరకాలని వెతికింది. దొరికింది.

"మీ ఇంటాయనకు తెలుసా?"

సింధుజ చెయ్యి కళ్లజోడు మీదే ఆగిపోయింది.

"తెలిదు," అంది చివరికి. "నా చీటీ దుడ్డు అది. చీటీ వచ్చిందనే ఆయనకు తెలిదు. బావ పేరెత్తితే ఆయన తాళలేడు. పెళ్లయిన కొత్తల్లో నన్ను పుట్టింటికే పంపలేదు, మీకు తెలిదు."

బయట మోటారుసైకిలు వచ్చి ఆగింది. చెల్లసామి లోపలికి వచ్చాడు. భారీ మనిషి, తెల్లచొక్కా భుజాల మీద ఎర్రటి పొడి. భార్యను చూశాడు, ఆమె ఎదురుగా కూర్చున్న కొత్తమనిషిని చూశాడు.

"ఎవరు వచ్చిండారు?"

సింధుజ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది.

చెప్పాల్సింది ఒక్క మాటే. నేను హరికృష్ణన్ పెండ్లాన్ని అంటే చాలు. మిగతాది ఆ ఇంట్లో దానంతట అదే జరిగిపోతుంది. తన ఇంట్లో ఇన్నేళ్లు పగిలిన గిన్నెల్లాగే ఈ ఇంట్లోనూ పగులుతాయి. ఆ మాట బృంద నాలుక మీదికి వచ్చింది, దాని రుచి కూడా తెలిసింది. ఎదురుగా సింధుజ తల ఎత్తి చూస్తోంది. బతిమాలడం లేదు. పడబోయే దెబ్బ కోసం చూస్తోంది. ఆ చూపు బృందకు బాగా తెలుసు. తాగి వచ్చిన మనిషి చెప్పులు విడిచేదాకా తానూ అలాగే చూసేది.

"కోవిల్‌పట్టినుంచి వచ్చిండానండి. మిరపకాయలు కావాల," అంది.

చెల్లసామి ముఖం విప్పారింది. "ఎన్ని మూటలు?"

"ఒక కిలో చాలు. ముందు వండి చూస్తాను."

"ఇంత దూరం వచ్చి ఒక కిలోనా," అని నవ్వి, తానే గోనె విప్పి తూచాడు. చిల్లరగా కొనేవాళ్లకు వేసే ధరే వేశాడు, పైసా తగ్గించలేదు. బృంద లెక్కపెట్టి ఇచ్చి, సంచి పట్టుకుని బయటికి నడిచింది.

వీధి మలుపులో వెనకనుంచి అడుగుల చప్పుడు. సింధుజ. రొప్పుతోంది.

"అక్కా, మీరు చెప్పకుండా..."

"నీకోసం కాదు," అంది బృంద. ఎవరికోసమో ఆమెకూ తెలియదు. "వినుకో. ఇప్పటినుంచి నేను కడతాను. నువ్వు కట్టింది కూడా మెల్లగా ఇచ్చేస్తాను. ఇంక నువ్వు ఆ ఆస్పత్రికి పోవద్దు."

"దుడ్డుకు ఏమి చేస్తారు?"

"కయత్తారు దగ్గర మా నాయన నాకిచ్చిన చేను ఉండాది. కుదువ పెడతాను."

"గాలిమరల వాళ్లు బాట వేసిన చేనా? అది పాప చదువుకని పెట్టింది కదక్కా. బావ చెప్పె."

బృంద కళ్లు మూసుకుంది. ఆ మాట తాను ఒక సాయంత్రం వంట చేస్తూ భర్తకు చెప్పింది. అతను అప్పుడు గోడ మీద పిల్లిని చూస్తున్నాడు. వినలేదనుకుంది. విన్నాడు. విని, దాచుకుని, తీసుకొచ్చి ఈమెకు చెప్పాడు.

"పోవద్దని చెప్తిని," అని మాత్రం అని, బస్సు కోసం ఆగకుండా ఎండలోనే ఆస్పత్రి వైపు నడక సాగించింది.

*

మధ్యాహ్నం భోజనాల తర్వాత హరికృష్ణన్‌ని వరండాలోకి పంపారు. ముఖంలో వాపు దిగింది. గడ్డం గీసుకున్నాడు. వచ్చి కూర్చోగానే అతని ముక్కు కదిలింది.

"మిరపకాయలు," అన్నాడు. "సింధుజ దగ్గరికి పోయింటివి."

"పోతిని."

"మామ కూతురని దానిమీద కోపం పడవద్దు. దుడ్డు నేనే అడిగితిని."

అత్త అడిగింది కాదు, సింధుజ తనంతట ఇచ్చింది కాదు. ఇతను అడిగాడు. బృంద సంచిని కాళ్ల దగ్గర పెట్టింది. మెల్లగా పెట్టింది, విసిరేస్తానేమోనని తనకే భయం వేసి.

"నా దగ్గర ఎందుకు అడగలేదు?"

"నీ దగ్గర అడిగేదానికి నాకు మొగం ఏది బృందా. రెండు తూర్లు నువ్వే కడ్తివి. రెండు తూర్లూ తాగేస్తిని."

"మూడో తూరి కూడా నేనే కడతాను. ఆమెకు చెప్పేసి వచ్చిండాను. చేను కుదువ పెట్టి కడతాను. డాక్టరమ్మ ఎన్ని నెలలు చెప్తే అన్ని నెలలు. మాత్రలకు కూడా." ఆమె అతని వైపుకు తిరిగి కూర్చుంది. "నా మొగుడికి నేనే కట్టాల. ఇంకొకతె కట్టకూడదు."

వార్డు తలుపు దగ్గర నర్సు వచ్చి నిలబడింది, పేరు పిలిచింది. హరికృష్ణన్ లేవలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తాగనప్పుడు కూడా ఎన్నడూ చూడనంత నేరుగా భార్య ముఖంలోకి చూశాడు.

"వద్దు. నువ్వు కట్టవద్దు."

"ఏమి?"

"సింధుజ కడితే అది అప్పే, తిరిగి ఇస్తే తీరిపోతాది," అన్నాడు. "నువ్వు కడితే నేను మళ్లీ మన ఇంటికి రావాల్సి వస్తాది బృందా."